పొరుగింటి సొత్తు... రెండు ప్రాణాలు

2007 నవంబర్ 14. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం. హ్యూస్టన్‌ను ఆనుకుని ఉన్న పాసడీనా పట్టణం. మధ్యాహ్నం రెండు గంటల వేళ పక్కింటి అద్దం భళ్లున పగిలింది. ఆ చప్పుడుకు ఓ 61 ఏళ్ల పెద్దాయన బయటికి చూశాడు. కిటికీలోంచి ఇద్దరు లోపలికి దూరుతున్నారు. ఇంటివాళ్లు ఊళ్లో లేరు.

ఆయన అత్యవసర నంబరు 911కి ఫోన్ చేశాడు. ఎవరైనా చేయాల్సిన పని అదే. అయితే ఫోన్ ఒక చేతిలో ఉండగానే ఆయన మనసు రెండో చేతిలోని తుపాకీ మీదికి పోయింది.

“నా దగ్గర షాట్‌గన్ ఉంది. వాళ్లను ఆపమంటారా?” అని అడిగాడు.

“వద్దు. ఆ పని చేయకండి. మనిషిని కాల్చేంత విలువైన సొత్తు ఏదీ లేదు” అన్నాడు ఆపరేటర్.

పోలీసులు దారిలో ఉన్నారు. ఈలోపు ఆయన్ని ఫోన్ దగ్గరే నిలిపి ఉంచాలి. ఇంట్లోంచి కదలొద్దని ఆపరేటర్ పదే పదే చెబుతున్నాడు. ఒక్కో నిమిషం గడిచేకొద్దీ పెద్దాయన గొంతులో అసహనం పెరుగుతోంది. త్వరగా రమ్మంటున్నాడు. వాళ్లను పోనిచ్చేది లేదంటున్నాడు. చివరికి చట్టం మాట ఎత్తాడు. “సెప్టెంబర్ 1 నుంచి చట్టాలు మారాయి. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు” అన్నాడు.

తుపాకీ పట్టుకుని బయటికెళ్తే తూటా మీకే తగలొచ్చని ఆపరేటర్ హెచ్చరించాడు. “పందెం కాస్తారా? వాళ్లను చంపేస్తాను” అని బదులొచ్చింది.

అప్పటికి దొంగలు సంచితో బయటికొచ్చేశారు. ఫోన్‌లో తుపాకీ క్లిక్‌మన్న చప్పుడు, తలుపు తీసుకుని వెళ్లిన అలికిడి. “కదిలారో, చచ్చారే!” అన్న కేక. వెంటనే మూడు తూటాలు.

మళ్లీ ఫోన్ అందుకున్నప్పుడు ఆయన గొంతు మారిపోయింది. వాళ్లు తన ముంగిట్లోకి వచ్చేశారనీ, తనకు వేరే దారి లేకపోయిందనీ చెప్పుకొచ్చాడు.

చనిపోయిన ఇద్దరూ కొలంబియా దేశస్థులు. తూటాలు వీపులో దిగాయని పోలీసులు చెప్పారు. సంచిలో దొరికింది సుమారు 2,000 డాలర్ల నగదు, కొన్ని నగలు. అసలు విషాదం మరొకటుంది. మఫ్టీలో ఉన్న డిటెక్టివ్ ఒకరు అప్పటికే ఆ వీధిలోకి చేరుకున్నారు. ఆయన కళ్లముందే కాల్పులు జరిగాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాదు, ఈసారి పోలీసు సమయానికే వచ్చాడు. ఆ సంగతి తుపాకీ పట్టిన మనిషికి తెలియదు.

కాపాడగల చట్టం వేరు

పెద్దాయన ఫోన్‌లో ప్రస్తావించింది అప్పటికి రెండున్నర నెలల కిందటే అమల్లోకి వచ్చిన ‘క్యాజిల్ డాక్ట్రిన్’ చట్టాన్ని. గవర్నర్ రిక్ పెర్రీ 2007 మార్చిలో దానిపై సంతకం చేశారు. మన ఇంట్లోకో, వాహనంలోకో ఎవరైనా బలవంతంగా చొరబడితే వెనక్కి తగ్గి పారిపోవాల్సిన పనిలేదు, ఎదురు తిరగవచ్చని అది చెబుతుంది. ఇక్కడ ఆయన ఇంట్లోకి ఎవరూ రాలేదు. ప్రమాదం ఉన్నచోటికి ఆయనే నడిచి వెళ్లాడు.

నిజానికి ఆయనకు అండ దొరికే చోటు టెక్సస్ శిక్షాస్మృతిలో దశాబ్దాలుగా ఉన్న మరో రెండు సెక్షన్లు. 9.42 ప్రకారం ఇంట్లో దూరి దొంగతనం, దోపిడీ, లేదా రాత్రిపూట దొంగతనం చేసి వెంటనే సొత్తుతో పారిపోతున్నవాణ్ని ఆపడానికి ప్రాణాంతక బలం కూడా వాడవచ్చు. అయితే అది తక్షణ అవసరమై ఉండాలి. మరో మార్గంలో సొత్తు తిరిగి రాదనో, చిన్నపాటి బలంతో ఆపబోతే తన ప్రాణానికే ముప్పనో సహేతుకంగా నమ్మి ఉండాలి. 9.43 ఈ వెసులుబాటును కొన్ని షరతులతో పరాయివాళ్ల సొత్తుకూ వర్తింపజేస్తుంది. పట్టపగలు చిల్లర దొంగతనం చేసి పరుగెత్తేవాడు ఈ లెక్కలోకి రాడు. ఇంట్లోకి చొరబడి దోచినవాడు పగలైనా వస్తాడు.

ఇక్కడే ఒక విడ్డూరం. 1974లో టెన్నెసీ రాష్ట్రం మెంఫిస్‌లో ఓ ఇంట్లో దొంగతనం చేసి కంచె దూకబోతున్న 15 ఏళ్ల కుర్రాణ్ని పోలీసు కాల్చి చంపాడు. ఆ కుర్రాడి దగ్గర ఆయుధం లేదు. దొరికింది ఒక పర్సు, పది డాలర్లు. ఆ కేసులో 1985లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: నిందితుడి వల్ల ఇతరుల ప్రాణాలకు తీవ్రమైన ముప్పు ఉందని నమ్మడానికి తగిన ఆధారం లేనప్పుడు, కేవలం పారిపోతున్నాడని పోలీసు కాల్చకూడదు. ఆ తీర్పు ప్రభుత్వ ఉద్యోగులను కట్టడి చేస్తుంది, మామూలు పౌరులను కాదు. అంటే పాసడీనా వీధిలో శిక్షణ పొందిన డిటెక్టివ్‌కు లేని వెసులుబాటు, శిక్షణ లేని పొరుగింటాయనకు ఉందన్నమాట!

కోర్టు గడప ఎక్కని కేసు

ఊరు రెండుగా చీలింది. ఆయన్ని వీరుడన్నవాళ్లున్నారు, హంతకుడన్నవాళ్లున్నారు. ఆ ఇంటి ముందే నిరసనలు, ఎదురు నిరసనలు జరిగాయి. కేసు హారిస్ కౌంటీ గ్రాండ్ జ్యూరీ ముందుకు వెళ్లింది. టెక్సస్‌లో గ్రాండ్ జ్యూరీ అంటే 12 మంది పౌరులు. వారిలో కనీసం తొమ్మిది మంది ఒప్పుకుంటేనే అభియోగం నమోదవుతుంది. 2008 జూన్ 30న ఆ జ్యూరీ అభియోగం అక్కర్లేదని తేల్చింది. వారి చర్చలు రహస్యం కాబట్టి ఆత్మరక్షణ వాదన నెగ్గిందో, సొత్తు వాదన నెగ్గిందో బయటికి రాలేదు. ఆయన నిర్దోషి అని ఏ జడ్జీ ప్రకటించలేదు. మరొకరు చూపించుకోవడానికి తీర్పు అంటూ ఏదీ మిగల్లేదు.

చట్టం తమ వైపే ఉందన్న ఇదే ధీమాతో జార్జియా రాష్ట్రంలో ముగ్గురు బయల్దేరారు. 2020 ఫిబ్రవరి 23న బ్రన్స్‌విక్ దగ్గర ఓ కాలనీలో పరుగు తీస్తున్న 25 ఏళ్ల నల్లజాతి యువకుణ్ని దొంగ అనుకుని వాహనాల్లో వెంటాడారు. పెనుగులాటలో అతణ్ని షాట్‌గన్‌తో కాల్చి చంపారు. నిర్మాణంలో ఉన్న ఓ ఇంట్లోకి అతను వెళ్లి చూశాడే తప్ప, ఏమీ ఎత్తుకుపోలేదు. 1863 నాటి ‘పౌరుడి అరెస్టు’ చట్టం తమకు అండగా ఉందని నిందితులు వాదించారు. జ్యూరీ నమ్మలేదు. 2021 నవంబర్‌లో ముగ్గురినీ హంతకులని తేల్చింది. యావజ్జీవం పడింది. ఆ పాత చట్టాన్ని జార్జియా శాసనసభ అదే ఏడాది రద్దు చేసింది.

టెక్సస్‌లో మనవాళ్ల కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇళ్లల్లో బంగారం ఉంటుంది, దొంగల భయమూ ఉంటుంది. తుపాకీ కొనుక్కునేవాళ్లు ఒక్క సంగతి మరవొద్దు. ఆ సెక్షన్లు టెక్సస్‌వి. రాష్ట్రం సరిహద్దు దాటితే అదే తూటాకు అర్థం మారిపోతుంది.

మన దేశంలో హద్దులు మరింత స్పష్టం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 41వ సెక్షన్ ప్రకారం సొత్తు కోసం ప్రాణం తీసే దాకా వెళ్లే హక్కు కొన్ని సందర్భాల్లోనే ఉంది. దోపిడీ, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు ఇల్లు పగలగొట్టడం, నివాసానికి నిప్పుపెట్టడం, ప్రాణాపాయం లేదా తీవ్ర గాయం తప్పదన్న భయం కలిగించే దొంగతనం వంటివి. ఆ సందర్భాల్లోనూ అవసరానికి మించిన హాని చేయకూడదు. రాత్రి ఇల్లు పగలగొట్టినవాడి విషయంలో, అతడు ఇంట్లో ఉన్నంతసేపే ఆ హక్కు నిలుస్తుంది. మామూలు దొంగ సొత్తుతో పరుగెడుతుంటే ఆపవచ్చు, లాక్కోవచ్చు, పట్టుకోవచ్చు. కాల్చి చంపే హక్కు మాత్రం లేదు. కళ్లముందు నేరం చేసినవాణ్ని పట్టుకుంటే ఆలస్యం చేయకుండా, ఎంతైనా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. స్తంభానికి కట్టేసి కొడితే కొట్టినవాళ్లే ముద్దాయిలవుతారు.

కాబట్టి దొంగ పారిపోతుంటే 112కి ఫోన్ చేయండి. మనిషి ఆనవాళ్లు, బండి నంబరు, వెళ్లిన దిక్కు చెప్పండి. ఆ తర్వాత తలుపు వేసుకుని ఇంట్లోనే ఉండండి.