లినక్స్ ఇన్‌స్టలేషన్‌లో హార్డ్‌డిస్క్ కనిపించకపోవడం

లినక్స్ ఎక్కించేటప్పుడు కంప్యూటర్‌లోని హార్డ్‌డిస్క్ లేదా ఎస్‌ఎస్‌డీ ఇన్‌స్టాలర్ జాబితాలో కనిపించకపోవడం ఒక గుర్తింపు లోపం. డిస్క్ పాడవడం, సాటా కేబుల్ వదులవడం కూడా కారణాలే. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో మాత్రం ముందుగా అనుమానించాల్సింది బయోస్ సెట్టింగునే. స్టోరేజీ ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ (ఆర్‌ఎస్‌టీ) రెయిడ్ పద్ధతిలో ఉంటే ఎన్‌వీఎంఈ డిస్క్ ఆ కంట్రోలర్ చాటున ఉండిపోతుంది. 2020లో వచ్చిన 11వ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో ఈ పాత్ర వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్ (వీఎండీ)ది. దానికి సరిపడే డ్రైవర్ లేని పాత కెర్నెల్‌కు డిస్క్ కనబడదు.

లైవ్ యూఎస్‌బీ టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ ఆదేశం కెర్నెల్ గుర్తించిన డిస్కులను చూపుతుంది. బయోస్‌లోనూ డిస్క్ పేరు లేకుంటే లోపం చాలావరకు హార్డ్‌వేర్‌దే. బయోస్‌లో ఉండి ఈ ఆదేశం చూపే జాబితాలో లేకుంటే బయోస్‌లో స్టోరేజీని రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐ పద్ధతికి మార్చడం, లేదా వీఎండీని ఆపడం పరిష్కారం. అదే మెషీన్‌లో విండోస్ ఉంటే ఈ మార్పుతో అది బూట్ కాకపోవచ్చు. అందువల్ల బ్యాకప్, బిట్‌లాకర్ రికవరీ కీ ముందే భద్రపరచడం తప్పనిసరి.