స్వల్పదూర వైర్‌లెస్ (మైక్రోకంట్రోలర్ ప్రాజెక్టులలో)

తీగ లేకుండా, తక్కువ శక్తితో, కొద్ది అంగుళాల నుంచి కొన్ని వందల మీటర్ల దాకా సమాచారం పంపే పద్ధతులకు స్వల్పదూర వైర్‌లెస్ అని పేరు. సరదాకో, చదువులో భాగంగానో కట్టుకునే మైక్రోకంట్రోలర్ బోర్డులకు ఈ సౌకర్యం తోడవడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ముఖ్యంగా 2000 తర్వాతి మాట. పరారుణ రిమోట్లు, 433 మెగాహెర్ట్జ్ రేడియో మాడ్యూళ్లు, జిగ్‌బీ, బ్లూటూత్, వైఫై, లోరా దాదాపు ఈ వరుసలో వచ్చాయి. కొత్తది వచ్చినంత మాత్రాన పాతది పూర్తిగా పోలేదు. నంద్యాల జిల్లాలోని నందికొట్కూరు వంటి వ్యవసాయ పట్టణాలకు ఈ చరిత్రతో ఒక ప్రత్యేక సంబంధం ఉంది. విద్యార్థి బల్ల మీద చక్కగా పనిచేసిన పరికరం పొలంలో బోరు మోటారు దగ్గర ఎందుకు చాలదో అక్కడ వెంటనే తెలిసివస్తుంది.

1895లో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తా టౌన్‌హాలులో అతి చిన్న రేడియో తరంగాలను గోడల గుండా పంపి అవతల గంట మోగించారు, తుపాకిమందు పేల్చారు. ఆ తర్వాత ఇక్కడ వందేళ్లకు పైగా సొంత ట్రాన్స్‌మిటర్ సామాన్యుడికి అందని వస్తువే. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. పరీక్ష రాసి కాల్‌సైన్ తెచ్చుకున్న హ్యామ్ ఔత్సాహికులు మాత్రం రాగి తీగ చుట్టి కాయిల్ చేసుకుని, ట్రిమ్మర్ తిప్పి పౌనఃపున్యం సరిచేసుకునేవారు. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యను నేర్పిన కేంద్రాలలో ముఖ్యమైనది.

ఈ విద్య తెలియనివారి చేతికి కూడా రేడియో రావడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది అనుమతి అక్కర్లేని పౌనఃపున్య పట్టీలు. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశం పరిశ్రమ, విజ్ఞానం, వైద్యం అవసరాలకు కొన్ని పట్టీలను కేటాయించింది. 1985లో అమెరికా సమాచార కమిషన్ వాటిలో కొన్నింటిని లైసెన్సు లేకుండా సమాచార ప్రసారానికి వాడుకోనిచ్చింది. వైఫై, బ్లూటూత్ ఆ నిర్ణయం మీదే పెరిగాయి. రెండో కారణం, కర్మాగారంలోనే శ్రుతి చేసి పంపిన మాడ్యూలు. కాయిల్ చుట్టే పని పోయి, మూడు నాలుగు కాళ్లకు తీగలు కలిపే పని మిగిలింది.

మైక్రోకంట్రోలర్ వైపు చూస్తే, ఇంటెల్ 8051 చిప్‌ను 1980లో విడుదల చేసింది. దాని వంశంలోని ఆట్మెల్ ఏటీ89సీ51, ఏటీ89ఎస్52 చిప్‌లు ఫ్లాష్ మెమరీతో రావడంతో, ఒకే చిప్‌లో ప్రోగ్రామును చెరిపి మళ్లీ ఎక్కించే వీలు కలిగింది. తెలుగు విద్యార్థులు ఇప్పటికీ ఈ పనిని 'కోడ్ డంప్ చేయడం' అనే అంటారు. అప్పటి రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు పెరిగిన కాలం కూడా ఇదే. కర్నూలులో జి. పుల్లారెడ్డి ఇంజనీరింగ్ కళాశాల 1985లో, నంద్యాలలో ఆర్‌జీఎం ఇంజనీరింగ్ కళాశాల 1995లో మొదలయ్యాయి. నాలుగేళ్ల చదువులో ఒక మినీ ప్రాజెక్టు, చివరి ఏడాది ఒక మేజర్ ప్రాజెక్టు తప్పనిసరి. ఈ నిబంధన లేకపోతే ఇక్కడ స్వల్పదూర వైర్‌లెస్ ఇంత త్వరగా పాకేది కాదు. హైదరాబాద్ అమీర్‌పేటలో శిక్షణతో పాటు ప్రాజెక్టు కిట్లు అమ్మే సంస్థలు, కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాల దుకాణాలు ఈ అవసరం మీదే బతికాయి. రాయలసీమ విద్యార్థులలో చాలామందికి మొదటి రేడియో మాడ్యూలు కర్నూలు మీదుగా హైదరాబాద్ బస్సెక్కి తెచ్చుకున్నదే.

తొలి మెట్టు రేడియో కాదు, వెలుతురు. టీవీ రిమోటులోని పరారుణ ఎల్‌ఈడీ, దానికి ఎదురుగా టీఎస్‌ఓపీ1738 అనే మూడు కాళ్ల రిసీవరు ఉంటే చాలు, పంకా తిరిగేది, లైటు వెలిగేది. సెకనుకు 38 వేల సార్లు మిణుకుమనే వెలుగునే ఆ రిసీవరు పట్టించుకుంటుంది. అందుకే గదిలోని మామూలు వెలుతురు దాన్ని అంతగా మోసం చేయలేదు. ఎదురెదురుగా ఉండాలి, మధ్యలో మనిషి అడ్డు రాకూడదు. ఎండలో దాని చూపు మందగిస్తుంది.

ఆ తర్వాత వచ్చిన 433 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్ల జంట ఈ చరిత్రలో అన్నిటికన్నా ముచ్చటైన ఘట్టం. ట్రాన్స్‌మిటరు అగ్గిపెట్టెలో పట్టేటంత బోర్డు. రిసీవరు దానికన్నా కాస్త పొడవు. చవక రిసీవర్లలో వాడింది సూపర్ రీజనరేటివ్ పద్ధతి. దీన్ని ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో కనిపెట్టారు. సున్నాలు ఒకట్ల యుగంలో గొట్టాల రేడియోల కాలం నాటి ఉపాయం అలా మళ్లీ పనికొచ్చింది. ఈ జంటకు తైవాన్ సంస్థ హోల్‌టెక్ తయారీ అయిన హెచ్‌టీ12ఈ, హెచ్‌టీ12డీ చిప్‌లు తోడయ్యాయి. మొదటిది ఎనిమిది బిట్ల చిరునామాను, నాలుగు బిట్ల సమాచారాన్ని వరుసగా పంపుతుంది. రెండోది ఆ చిరునామాను వరసగా మూడుసార్లు సరిచూసుకుని, అన్నిసార్లూ కలిస్తేనే సమాచారాన్ని బయటికి వదిలి, సరైన ప్రసారం అందిందని చెప్పే కాలును పైకి ఎత్తుతుంది. ఆ కాలుకు ఎల్‌ఈడీ తగిలిస్తే మాట చేరిందో లేదో కంటికే కనబడుతుంది. రెండు చిప్‌ల డోలక వేగాలు ఒకదానికొకటి సుమారు యాభై రెట్ల నిష్పత్తిలో ఉండాలి కాబట్టి 5 వోల్టుల దగ్గర ఒకదానికి 1.1 మెగా ఓమ్, మరొకదానికి 51 కిలో ఓమ్ నిరోధకాలు వాడేవారు. ఈ రెండింటినీ తారుమారు చేసి, మాడ్యూలే పాడైందనుకున్న బృందాలు ప్రతి తరగతిలోనూ ఉండేవి.

ఈ జంట గొప్పతనం ఏమిటంటే, మైక్రోకంట్రోలర్ లేకుండానే ఇది పనిచేస్తుంది. నాలుగు బిట్లతో పదహారు ఆజ్ఞలు, మోటార్లకు ఎల్293డీ చిప్, రెండు చక్రాలు ఉంటే ఒక రోబో సిద్ధం. మైక్రోకంట్రోలర్‌ను కలిపాక అదే మార్గంలో ఉష్ణోగ్రత, నేల తేమ వంటి అంకెలు పంపడం మొదలైంది. అక్కడే కొత్త చిక్కు వచ్చింది. ఎదుట ప్రసారం లేనప్పుడు ఈ రిసీవరు మౌనంగా ఉండదు. గాలిలోని రొదనే సున్నాలు ఒకట్లుగా కక్కుతుంది. అందుకని అసలు మాటకు ముందు కొంత 'పిలుపు' పంపడం, సున్నాలు ఒకట్లు సమంగా వచ్చేటట్టు సంకేతం మార్చడం, చివర తప్పులు పట్టే మొత్తం చేర్చడం అలవాటయ్యాయి. మైక్ మెకాలీ రాసిన వర్చువల్‌వైర్ లైబ్రరీ ఈ చాకిరీనంతా తన నెత్తిన వేసుకుంది. యాంటెనా విషయం ఇంకా సులువు. తరంగంలో నాలుగో వంతు, అంటే సుమారు 17.3 సెంటీమీటర్ల తీగ చాలు. దాన్ని కొలిచి కత్తిరించినవారికి దూరం దక్కింది, చేతికందిన ముక్క తగిలించినవారికి గది గోడే హద్దయింది.

అప్పటి విద్యార్థులకు కంఠస్థమైన మరో అంకె 11.0592. 8051 బోర్డు మీది క్రిస్టల్ ఇన్ని మెగాహెర్ట్జ్ ఉంటే, దాన్ని 12తో, 32తో, 3తో భాగించినప్పుడు శేషం లేకుండా 9600 వస్తుంది. సీరియల్ మాడ్యూళ్లకు సాధారణమైన వేగం అదే. చక్కని అంకె కదా అని 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే వేగం దాదాపు 8.5 శాతం తప్పి, తెర మీద అర్థంలేని గుర్తులు వస్తాయి.

చట్టం ఈ మాడ్యూళ్ల వెనక నడిచింది. 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని, అదే ఏడాది మార్చిలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు నుంచి మినహాయించింది. 433 నుంచి 434 మెగాహెర్ట్జ్ పట్టీకి స్వల్పదూర పరికరాల మినహాయింపు నియమాలు 2012లో వచ్చాయి. హద్దు 10 మిల్లీవాట్లు. అప్పటికి ఆ పౌనఃపున్యపు మాడ్యూళ్లు ప్రయోగశాలల్లో పాతబడుతున్నాయి. నియమం రాకముందు ఏ విద్యార్థీ దాని గురించి ఆలోచించి ఉండడు.

జిగ్‌బీకి ఆధారమైన ప్రమాణం 2003లో వెలువడింది. సెకనుకు 250 కిలోబిట్ల వేగంతో ఒక పరికరం మాటను మరొకటి ముందుకు అందించే పద్ధతి దానిది. ఎక్స్‌బీ మాడ్యూళ్లు దాన్ని ప్రయోగశాలలకు తెచ్చాయి గానీ ధర ఎక్కువ. కాళ్ల మధ్య దూరం 2 మిల్లీమీటర్లే కావడంతో మామూలు బ్రెడ్‌బోర్డులో కూర్చునేవి కావు. చవకగా దొరికిన నార్వే సంస్థ నార్డిక్ చిప్ ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ఎక్కువ మందికి దగ్గరైంది. ఒక విడతకు 32 బైట్లు, 126 చానళ్లు. ఆర్డుయినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు మీది 3.3 వోల్టుల కాలు నుంచి వచ్చే కరెంటు సన్నగా ఉండటంతో ప్రసారం మధ్యలో తెగేది. విద్యుత్ కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికిస్తే చక్కబడేది. ఎన్నో రోజుల తిప్పలు అంత చిన్న విడిభాగంతో తీరిపోవడం ఈ రంగంలో తరచూ జరిగేదే.

బ్లూటూత్ పని 1994లో ఎరిక్సన్ సంస్థలో మొదలైంది. 1998లో ఐదు సంస్థలు కలిసి దాని సంఘాన్ని ఏర్పరిచాయి. ఇటలీలోని ఇవ్రేయాలో 2005లో పుట్టిన ఆర్డుయినో బోర్డు, ఆండ్రాయిడ్ ఫోను, హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూలు ఒకచోట కలిశాక ప్రాజెక్టుల తీరే మారింది. అంతవరకు రిమోటును కూడా విద్యార్థే కట్టాలి. ఇకపై జేబులో ఉన్న ఫోనే రిమోటు. గూగుల్ 2010లో తెచ్చి, తర్వాత ఎంఐటీకి అప్పగించిన యాప్ ఇన్వెంటర్‌తో ముక్కలు పేర్చినట్టు యాప్ తయారు చేసుకునే వీలు వచ్చింది. జత కలపడానికి 1234 అనే సంకేతం, అమరికలు మార్చడానికి 38400 వేగం అందరికీ నోటికి వచ్చేశాయి. మాడ్యూలు 3.3 వోల్టులది, ఆర్డుయినో 5 వోల్టులది. మధ్యలో రెండు నిరోధకాలు పెట్టమని పుస్తకం చెబుతుంది, చాలామంది పెట్టలేదు. ఐఫోనుతో ఇది కలవదు. 2010లో వచ్చిన తక్కువ శక్తి బ్లూటూత్ ఆ లోటు తీర్చింది.

2014లో షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ వారి ఈఎస్‌పీ8266 చిప్ బజారుకు వచ్చింది. మొదట దాన్ని ఆర్డుయినోకు వైఫై తగిలించే మాడ్యూలుగానే వాడారు. ఆర్డుయినో ఉనో మెదడు 16 మెగాహెర్ట్జ్, ఎనిమిది బిట్లది. దానికి తోకలా తగిలించిన వైఫై చిప్ మెదడు 80 మెగాహెర్ట్జ్, ముప్ఫై రెండు బిట్లది. బండి కన్నా ఎద్దు చిన్నదైనట్టుగా ఉన్న ఈ అమరిక ఎక్కువ కాలం సాగలేదు. 2015లో ఈఎస్‌పీ8266కే నేరుగా ఆర్డుయినో పద్ధతిలో ప్రోగ్రాము రాసే వీలు రాగానే ఆర్డుయినోను తీసి పక్కన పెట్టారు. రేడియోను మైక్రోకంట్రోలర్‌కు జోడించడమన్న మాటే అక్కడ తిరగబడింది. 2016లో వచ్చిన ఈఎస్‌పీ32లో వైఫై, బ్లూటూత్ రెండూ ఉన్నాయి. రూటరు లేకుండా రెండు బోర్డులు నేరుగా మాట్లాడుకునే ఈఎస్‌పీ-నౌ పద్ధతి కూడా అదే సంస్థ ఇచ్చింది. రాస్ప్‌బెరీ పై పికో డబ్ల్యూ 2022లో ఇదే దారి పట్టింది.

నందికొట్కూరు ప్రాంతంలో కర్నూలు-కడప (కేసీ) కాలువ ఆయకట్టులోనూ, దాని బయటి మెట్ట పొలాల్లోనూ ఈ పరికరాలకు ఎదురయ్యే హద్దు వేరు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలయ్యాక కరెంటు విడతలవారీగా, తరచూ రాత్రివేళ వచ్చేది. మోటారు వేయడానికి రైతు చీకట్లో పొలం పోవలసి వచ్చేది. నేల తేమ చూసి మోటారు వేసే పరికరం ఈ ప్రాంతపు కళాశాలల్లో ఏటా కనబడే ప్రాజెక్టు కావడానికి కారణం ఇదే. ఇంటికీ బోరుకూ మధ్య దూరం కిలోమీటర్లలో ఉంటే బ్లూటూత్ పది మీటర్లు ఏ మూలకు? అందుకని రైతుల దగ్గర నిలిచింది సిమ్‌కార్డుతో పనిచేసే మొబైల్ స్టార్టర్. ఫోను మీటల శబ్దాన్ని ఎంటీ8870 చిప్‌తో గుర్తుపట్టే పాత ప్రాజెక్టులది కూడా ఈ కోవే. దూరం భారమంతా ఫోను కంపెనీ మోసేది.

ఈ ఖాళీని పూరించగలిగింది లోరా. ఫ్రాన్స్ గ్రెనోబుల్‌లోని సైక్లియో సంస్థ రూపొందించిన ఈ పద్ధతిని 2012లో సెమ్‌టెక్ కొనుక్కుంది. వేగాన్ని బాగా తగ్గించుకుని, బయలు పొలంలో కిలోమీటర్ల దూరం పోగలదు. తేమ అంకె పంపడానికి వేగంతో పని లేదు. భారతదేశంలో ఇది 865 మెగాహెర్ట్జ్ పట్టీని వాడుకుంటుంది. 2021 నియమాలు ఆ పట్టీని 868 దాకా పొడిగించాయి. కచ్చితంగా చెప్పాలంటే దీన్ని స్వల్పదూరం అనలేం. అయినా అదే మాడ్యూలు, అవే జంపర్ వైర్లు, అదే డంపింగ్ కావడంతో విద్యార్థులు దీన్ని ఆ కుటుంబంలోనే లెక్కిస్తారు.

పాఠశాల స్థాయికి ఈ విద్య చేరింది 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ ద్వారా. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లల కోసం పెట్టే ఒక్కో అటల్ టింకరింగ్ ల్యాబుకు 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. హైదరాబాద్‌లో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్, నమూనాలు తయారు చేసుకునేవారికి పనిముట్లు సమకూరుస్తోంది. సరదాకు కట్టుకున్నదాన్ని సరుకుగా అమ్మాలంటే మాత్రం కేంద్ర వైర్‌లెస్ ప్రణాళిక విభాగం నుంచి పరికర ఆమోదం తీసుకోవాలి. 1885, 1933 చట్టాల స్థానంలో పార్లమెంటు 2023 డిసెంబరులో టెలికమ్యూనికేషన్స్ చట్టాన్ని ఆమోదించింది. దాని సెక్షన్లు 2024 జూన్ నుంచి విడతలుగా అమలులోకి వస్తున్నాయి.