ఆటలమ్మ టీకా – లుకేమియా పిల్లలు

ఆటలమ్మ పోస్తే వేపమండలు కట్టి, వారం పది రోజులు ఓపిక పడితే చాలుననుకుంటాం. లుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) మందులు వాడుతున్న పిల్లల విషయంలో ఆ ధీమా చెల్లదు. అమెరికాలోని మెంఫిస్‌లో సెయింట్ జూడ్ ఆసుపత్రి వైద్యులు 1975లో ప్రచురించిన లెక్క ప్రకారం, క్యాన్సర్ చికిత్సలో ఉండగా ఆటలమ్మ సోకిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి వైరస్ లోపలి అవయవాలకు పాకింది. నూటికి ఏడుగురు చనిపోయారు.

ఆటలమ్మకు టీకాను తయారుచేసినవాడు ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన మిచియాకి తకహాషి. 1964లో హ్యూస్టన్‌లో ఉండగా తన మూడేళ్ల కొడుకు ఆటలమ్మతో పడిన బాధ చూసి ఆయన ఈ పనికి పూనుకున్నాడు. తర్వాత జపాన్‌లో ఓకా అనే ఇంటిపేరున్న బాలుడి పొక్కుల్లోంచి వైరస్ తీసి, మొదట మనిషి కణాల్లో, ఆపైన గినీపంది పిండకణాల్లో పదేపదే పెంచి దాని పదును తగ్గించాడు. 1974లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ వెంటనే జపాన్ వైద్యులు లుకేమియా పిల్లలకూ టీకా వేసి చూశారు. బతికున్న వైరస్‌ను రోగనిరోధకశక్తి తగ్గిన ఒంట్లోకి ఎక్కించడం తెగువే. అందుకే వ్యాధి అదుపులో ఉన్నవారినే ఎంచుకుని, టీకాకు వారం ముందు, వారం తర్వాత క్యాన్సర్ మందులు ఆపేవారు.

అమెరికాలో వైద్యురాలు ఆన్ గెర్షాన్ బృందం లుకేమియా పిల్లల్లో ఈ టీకాను 1979 నుంచి పెద్ద ఎత్తున పరీక్షించింది. ఒక్క మోతాదు చాలలేదు, రెండు కావలసి వచ్చాయి. చాలామందికి రక్షణ దక్కింది. దక్కనివారికి కూడా జబ్బు తేలికగానే పోయింది. కానీ ఎందరికో టీకా వల్లనే పొక్కులు లేచాయి, కొందరికి అసైక్లోవిర్ అనే వైరస్ మందు ఇవ్వాల్సి వచ్చింది. పొక్కులు లేచినవారి నుంచి తోబుట్టువులకు టీకా వైరస్ అంటుకున్న సందర్భాలూ ఉన్నాయి. అనుకోని లాభం ఒకటి 1991లో తేలింది: సహజంగా ఆటలమ్మ సోకిన లుకేమియా పిల్లలకన్నా టీకా పడినవారికి సర్పి (షింగిల్స్) తక్కువగా వచ్చింది.

1984లో కొన్ని ఐరోపా దేశాలు ఈ టీకాను ముప్పు ఎక్కువున్న పిల్లల కోసమే అనుమతించాయి. అమెరికా మాత్రం 1995లో ఆరోగ్యవంతులకు అనుమతి ఇచ్చింది. ఎవరి మీద పరీక్షించి టీకా పనితనాన్ని నిరూపించారో వారినే చివరికి పక్కన పెట్టడం ఈ చరిత్రలోని విచిత్రం. కీమోథెరపీలో ఉన్న బిడ్డకు ఇప్పుడు సాధారణంగా ఈ టీకా వేయరు. చికిత్స ముగిసి కనీసం మూడు నెలలు గడిచాక ఆలోచిస్తారు. ఈలోగా రక్షణ కోసం ఇంట్లోని మిగతా పిల్లలకు వేస్తారు. భారత ప్రభుత్వ సార్వత్రిక టీకాల పట్టికలో ఆటలమ్మ టీకా లేదు. పిల్లల వైద్యుల సంఘం సిఫార్సు చేస్తున్నా, ఖర్చు తల్లిదండ్రులదే.