అమృతాంజనపు సీసా, శ్రీబాగు మాట



కళ్యాణదుర్గము తాలూకాలోని యొక మెట్టపల్లె నా జన్మస్థలము. మా యింటి నడవగోడ గూటిలో దీపపు బుడ్డి, విభూతిపండు, వాని ప్రక్కన పచ్చని లేపనము గల చిన్న గాజుసీసా యుండెడివి. కపిల తోలి వచ్చిన మా తాత భుజమునకును, శనగకాయలు పెఱికి వచ్చిన మా అవ్వ నడుమునకును, జలుబు చేసిన పిల్లల నుదుటికిని అదియే మందు. ఒకనాడు అంగడివాడు వేఱొక సీసా నిచ్చి, "ఇదీ అట్లాంటిదే అవ్వా, ధర తక్కువ" అనెను. ఆమె దానిని తిరిగి యతని చేతిలో బెట్టి, "మన పంతులుగారిది ఉంటే ఇయ్యి, లేకుంటే రేపొస్తాలే" అని లేచి వచ్చెను. నే నామె వెంట నుంటిని. ఆమె యా పంతులుగారిని చూచి యెఱుగదు. ఆయన సీమ వేఱు, కులము వేఱు. మఱి "మన" యను మాట యెట్లు వచ్చెను? ఈ ప్రశ్న నన్ను చాలకాలము విడువలేదు.

ఆ పంతులుగారు కాశీనాథుని నాగేశ్వరరావు గారు. 1867లో కృష్ణామండలమందలి ఎలకుఱ్ఱు గ్రామమున జన్మించిరి. కలకత్తాలో మందుల వర్తకము నేర్చి, బొంబాయి చేరి, 1893లో అచట అమృతాంజనమును ప్రారంభించిరి. అంజనమనగా కంటికి పెట్టుకొనునది. పంతులుగారి చలువచే అది నుదుటికెక్కినది! తొలినాళ్లలో సీసా వెల పది అణాలందురు. సంగీత సభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించిరట. ఇది వర్తకపు మెళకువయే. ఆయన వర్తకులు కారని నేననను. లాభము లేకున్న తరువాతి కథయే లేదు.

ఆ లాభమేమాయెనో చూడుడు. 1908లో బొంబాయినుండియే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. 1914లో మదరాసునకు వచ్చి దినపత్రికయయ్యెను. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల. గ్రంథాలయములకు, విద్యార్థులకు, అడిగిన వారికెల్లను విరాళములు. ప్రజలాయనను విశ్వదాతయనియు, దేశోద్ధారకుడనియు పిలిచిరి. మా పల్లెకు పత్రిక టపాలో ఒకటి రెండు దినములు ఆలస్యముగా వచ్చుచుండెను. మా తాత రచ్చకట్టపై గూర్చుండి బిగ్గఱగా చదువగా చదువురాని వారు వినుచుండిరి. ఉగాది సంచిక వచ్చిన దినము మా యింట పండుగకు మఱియొక పండుగ. మందు కొన్నవాడు పత్రికను గూడ కొంత నిలిపినవాడే యని వారి భావము. అది నిజమే.

ఆ కాలమున స్వదేశీ వస్తువులపై ప్రీతి దేశమంతట గలదు. 1905లో వంగదేశమును విభజింపగా విదేశీ వస్తు బహిష్కారము చెలరేగెను. ప్రఫుల్ల చంద్ర రాయ్ గారి బెంగాల్ కెమికల్ సంస్థ యచట వంగీయుల అభిమాన పాత్రమయ్యెను. మనకు పొరుగుననున్న మైసూరు సంస్థానమున మహారాజుగారి పూనికచే 1916లో గంధపు సబ్బు పుట్టెను. దానికి రాజుండెను, రాజ్యముండెను. తెలుగువారికో, తమ పేర నొక రాష్ట్రమే లేదు. కొందఱు మదరాసు రాజధానిలో, కొందఱు నైజాములో, మఱికొందఱు మైసూరులో నుండిరి. పటములో లేని తెలుగుదేశము ఆ సీసాపై నుండినదని నాకు దోచును.

అయితే మన సీమవారికి ఈ మమకారమంత సులభముగా కుదిరినది కాదు. 1800లో నైజాము ఆంగ్లేయులకు దత్తము చేసిన మండలములలో మనమొక భాగము. "దత్త మండలములు" అను పేరు మనవారికి ములువలె గ్రుచ్చుకొనెడిది. 1928లో నంద్యాల సభలో దానిని విడిచి రాయలసీమ యని పేరు పెట్టుకొనిరి. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయము అనంతపురమునకు వచ్చునని యాశింపగా అది వాల్తేరునకు పోయెను. ఆంధ్ర రాష్ట్రము వచ్చిన సర్కారువారే బాగుపడుదురు, మన గతియేమని మన పెద్దలు శంకించిరి. ఆ శంక నిరాధారమని నేనిప్పటికిని చెప్పజాలను.

ఆ శంక తీర్చుటకు 1937 నవంబరు 16వ తేదీన ఇరుప్రాంతముల పెద్దలు మదరాసులో సమావేశమైరి. ఎచటననగా, నాగేశ్వరరావు పంతులుగారి గృహమున. దాని పేరు శ్రీబాగు. సర్కారువారి వైపున కొండా వెంకటప్పయ్య గారు, పట్టాభి సీతారామయ్య గారు ఉండిరి. మన వైపున కడప కోటిరెడ్డి గారు, హిందూపురము కల్లూరు సుబ్బారావు గారు, అనంతపురమున శ్రీసాధన పత్రిక నడిపిన పప్పూరు రామాచార్యులు గారు మొదలైనవారు కూర్చుండిరి. వాల్తేరునందును అనంతపురమునందును విశ్వవిద్యాలయ కేంద్రములుండవలెను. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి విషయమున పదియేండ్లు, అవసరమైన అంతకు మించియు, రాయలసీమ నెల్లూరు మండలములకు మొదటి స్థానమీయవలెను. రాజధాని, ఉన్నత న్యాయస్థానము చెఱియొక ప్రాంతమున నుండవలెను, ఏది కావలెనో కోరుకొను హక్కు సీమదే. ఇవి యందలి ముఖ్యాంశములు. మా అవ్వ తన నడుమునకు రాచుకొన్న మందు వెలలో నొక కాని యా యింటి గోడలో నుండకపోదు. ఆ గోడల నడుమ మన నీటికి మాట యిచ్చిరి.

మఱు సంవత్సరమే, 1938 ఏప్రిల్ నెలలో, పంతులుగారు స్వర్గస్థులైరి. 1953లో ఆంధ్ర రాష్ట్రమేర్పడి కర్నూలు రాజధానియయ్యెను, గుంటూరునకు న్యాయస్థానము పోయెను. మూడేండ్లకే, 1956లో, రాజధాని హైదరాబాదునకు తరలెను. అనంతపురమున విశ్వవిద్యాలయము 1981లో గాని నిలువలేదు. తుంగభద్ర ఎగువ కాలువ కొంత తడిపినది. కృష్ణ నీరు మన జిల్లా మెట్టనెక్కుటకు ఒడంబడిక నాటినుండి డెబ్బదియేండ్లు దాటినవి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన గల నేల యెన్ని పంటలెండినను కనిపెట్టుకొని యుండెను. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయినది. మందు మాత్రము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది.

మా తాత చివరి యేండ్లలో కపిల బావి యడుగంటినది. వట్టి బావి గట్టున గూర్చుండుటకు బోయి, సాయంకాలమున వచ్చి, అరుగుపై జేరి భుజము చూపెడివాడు. అవ్వ సీసా మూత త్రిప్పుచుండగా, "పంతులింట్లో రాసుకున్న మాట ఏమాయెనే?" అని యడుగుచుండెను. ఎన్ని మార్లడిగినను ఆమె ప్రత్యుత్తర మొక్కటియే.

"పంతులు పాయె. నువ్వు ఆ భుజమిట్లా తిప్పు."