అహోబలక్షేత్రము - అందలి చెంచులు

క్షేత్రచరిత్రలను వ్రాయువారు సాధారణముగా రాజుల దానములతో ఆరంభించి రాజుల దానములతోనే ముగించుచుందురు. అహోబలమునకు అట్టి చరిత్ర కొఱత లేదు. కాని ఆ కొండలలో వేటాడి, తేనె తీసి, గడ్డలు త్రవ్వి బ్రదికినవారు వేఱొకరు కలరు. వారిని విడిచి ఆ యూరి కథ చెప్పుట సగము కథ చెప్పుటయే యని మా యభిప్రాయము.

మా నందికొట్కూరునుండి నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ చేరి, అచ్చటినుండి సుమారు 25 కిలోమీటర్లు పోయినచో నల్లమల పాదమున దిగువ అహోబలము కనబడును. కర్నూలు జిల్లాలోనిదైన ఈ సీమ 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. ఎగువ అహోబలము ఇంకను 8 కిలోమీటర్ల దూరమున, ఇఱుకైన లోయలో నున్నది. ప్రక్కనే భవనాశి పాఱుచుండును. తొమ్మిది నరసింహాలయములు ఈ కొండలయందు చెదరియున్నవి. వానకాలమున జ్వాలానరసింహుని సన్నిధికి పోవువారి తలలపై కొండచఱియనుండి నీరు జల్లుగా రాలును. ఆ పైని చీలిన శిలను భక్తులు హిరణ్యకశిపుని సభాస్తంభమందురు. భూగర్భశాస్త్రజ్ఞులు ఎండయు వానయు కోసిన రాయి యందురు. బడిలో రెండవ మాటను, ఇంట మొదటి మాటను చెప్పుటకు మాకు సంకోచము లేదు.

తిరుమంగై ఆళ్వారు వేయేండ్లకు పూర్వమే ఈ కొండను పది పాశురములలో కీర్తించెను. అందు దేవుని మహిమతోపాటు నడువశక్యము గాని దారులును, విండ్లు బట్టిన వేటకాండ్రును కనబడుదురు. పదునాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకువలెనే అహోబలమునకును మెట్లు కట్టించెను. ఆతని యాస్థానకవి యెఱ్ఱాప్రగ్గడ తన నృసింహపురాణమును ఈ స్వామికే అంకితము చేసెను. 1398 ప్రాంతమున ఆదివన్ శఠకోపయతి ఇచ్చట మఠమును స్థాపించెను. 1515 లో శ్రీకృష్ణదేవరాయలు కళింగదండయాత్రా మధ్యమున వచ్చి హారమును, బంగారు పళ్లెమును, మద్దూరు గ్రామమును సమర్పించెను. 1579 లో గోలకొండసేనలు హండె నాయకుల సాయమున క్షేత్రమును గైకొనగా, సుమారైదేండ్లకు కొండ్రాజు వేంకటరాజు దానిని మరల సాధించెను. హారమునందలి రత్నములను సయితము శాసనములు మఱువలేదు. రాయలకు ఆ యడవిలో దారి చూపినవారెవరో మాత్రము అవి చెప్పవు.

శాసనము మఱచినదానిని కథ మఱువలేదు. హిరణ్యకశిపుని వధించినను కోపము చల్లారని నరసింహుడు అడవిలో చెంచుపడుచును చూచి మోహించెనట. ఆమె లక్ష్మీదేవియే యని పురాణికులు సమాధానము చెప్పుదురు. చెంచులకు ఆమె తమ యింటి బిడ్డ, స్వామి తమ యల్లుడు. ఈ కథయే 1943 లోను, మరల 1958 లోను చలనచిత్రమైనది. కనుమనాడు పారువేట సాగునప్పుడు చెంచులు పల్లకి వైపు బాణములు వేయుదురు. పిదప స్వామి సుమారు నలువది దినములు ఆళ్లగడ్డ సీమలోని పల్లెలను తిరుగును. తన పెండ్లికి జనులను తానే పిలువబోవునని వాడుక. ఫాల్గునమునందలి బ్రహ్మోత్సవమునాటికి గుడికి మరలును.

చెంచుల తేనెతీతను గూర్చి ఒక మాట చెప్పవలెను. కొండచఱియ పట్టునకు దిగువాడు పేనిన త్రాటిని నడుమునకు కట్టుకొని వ్రేలాడును. పైన ఆ త్రాటిని పట్టువాడు బావమఱది. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు తన చేతిలో నున్నవని యెఱిగినవాడు త్రాటిని విడువడని వారి తలంపు. ఇంత వివేకముగల వారిని అనాగరికులని వ్రాసినవారి నాగరికత యెట్టిదో!

1975 లో ప్రభుత్వము చెంచులను ఆదిమతెగలలో చేర్చెను. 1983 నుండి నల్లమల పులుల సంరక్షణ ప్రాంతముగుటచే అడవిలో పోకరాకలకు కట్టుబాట్లు హెచ్చినవి. 2006 నాటి అటవీహక్కుల చట్టము వారి హక్కును గుర్తించినది; ఆ హక్కు పత్రమును చదివి అర్థము చేసికొనుటకు మాత్రము అక్షరము కావలెను. చెంచుబిడ్డను బడికి రప్పించుటకు అన్నము, పలక మాత్రము చాలవు. రాయల హారము గల పాఠమున బావమఱది పట్టిన త్రాడును ఉండవలెను.

అడవిలో మిక్కిలి లోపలనున్నది పావననరసింహుని సన్నిధి. జనులు ఆయనను పాములేటి నరసింహుడందురు. చెంచులు మాంసము నైవేద్యము పెట్టుదురు. జీవహింసను మేము మెచ్చము. అయినను ఇంటి యల్లునికి ఇంట వండినదే పెట్టుదురు గదా! అచ్చటికి పోవువారు తగినంత నీరు తీసికొని, దారి యెఱిగిన చెంచును వెంటబెట్టుకొనుట మేలు. అతని కూలిని బయలుదేరక ముందే మాటాడుకొని, తిరిగివచ్చిన వెంటనే బేరము లేక యిచ్చివేయవలెను.