రెండే రెక్కలు

కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఆండర్సన్‌పేట ఇళ్ళు దాటారు. ఎదురుగా సైనైడ్ దిబ్బ. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడిని ఏళ్ళ తరబడి పోయగా లేచిన గుట్ట. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కేజీఎఫ్‌లో ఈ పొడి మాత్రం 3 కోట్ల టన్నులకు పైగా మిగిలిపోయింది. ఎక్కి చూడాలనిపిస్తోందా? వద్దు. గాలి లేచిందంటే కళ్ళూ గొంతూ మండిపోతాయి. మనకు పని కిందే, సర్కారు తుమ్మ పొదల పక్కన, ఎండిన ఇసుక దారిలో.

గొంతుక్కూర్చోండి. మీ నీడ ముందుకు పడనివ్వకండి.

ఇసుకలో పెన్ను దూరేంత బొక్క ఉంది చూడండి. నేలలో ఒంటరిగా గూడు తవ్వుకునే తేనెటీగ ఇల్లు అది. దానిపైన జానెడు ఎత్తులో ఏదో గాలిలో నిలబడిపోయింది. ఒళ్ళంతా గోధుమరంగు నూగు. తేనెటీగే అనుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నారు. కాస్త ఆగండి. అదిగో, ఇసుక మీద వాలింది. రెక్కలు రెండు పక్కలకూ చాచింది. లెక్కపెట్టండి. రెండే. తేనెటీగకైతే నాలుగుండాలి. వెనక జత ఉండాల్సిన చోట గుండుసూదుల్లాంటి రెండు బుడిపెలు. ఎగిరేటప్పుడు ఒళ్ళు ఎటు ఒరుగుతోందో దానికి తెలిసేది వాటివల్లే. అంటే ఇది ఈగ. బీ ఫ్లై అంటారు, బాంబిలియిడే కుటుంబం. కుట్టదు.

పొట్ట కొసను ఇసుకలో ఆనించి వణికిస్తోంది, చూశారా? అక్కడో చిన్న సంచి ఉంది. అందులో ఇసుక నింపుకుంటోంది, గుడ్లకు అద్దడానికి. మళ్ళీ లేచింది. బొక్క మీద ఆగింది. పొట్ట విదిల్చింది. గుడ్డు లోపల పడింది. మళ్ళీ విదిల్చింది. దాని పిల్ల పాక్కుంటూ లోపలికి పోతుంది, తేనెటీగ పిల్లను తిని పెరుగుతుంది. తల్లికి గూట్లో అడుగుపెట్టే పనే లేదు.

ఎడమ పక్క చూడండి. తల తిప్పకుండా.

ఎండుపుల్ల మీద సన్నటి పొడుగాటి ఈగ. మూతి నిండా మీసం. ఉబ్బిన కళ్ళు. తల తిరిగింది. బీ ఫ్లైని చూసింది.

తోలేద్దామా? చెయ్యి ఎత్తితే రెండూ పోతాయి.

కదలకండి.

లేచింది. తగిలింది. పట్టింది.

పుల్ల మీదికి తిరిగొచ్చింది. కాళ్ళ మధ్య బీ ఫ్లై. ముక్కు దిగింది. ఆ ఉమ్మిలోనే విషం. కాసేపటికే కాళ్ళు కొట్టుకోవడం ఆగింది. లోపలి కండంతా కరిగి నీరవుతుంది, ఇది పీల్చేస్తుంది. రాబర్ ఫ్లై అంటారు. దొంగ ఈగ! మాటు వేసి వేటాడేదానికి ఆ పేరు అన్యాయమే. చేత్తో పట్టాలని మాత్రం చూడకండి, ఆ ముక్కు మన వేలినీ వదలదు.

డొల్లను కింద పడేసింది. ఇప్పుడు తీసుకోండి. రెక్కను ఎండకు ఎత్తి భూతద్దంలో చూడండి. సన్నటి నరాలు ఎక్కడ చీలుతున్నాయి, ఎక్కడ కలుస్తున్నాయి? ఈగల్లో 150కి పైగా ఉన్న కుటుంబాలను విడదీయడానికి ఆ అల్లికే పెద్ద ఆధారం. కలకత్తాలో ఉన్న బ్రూనెట్టి ఇలాగే కూర్చుని చూసి ఉండాలి. వృత్తి సంగీతం, ధ్యాసంతా ఈగల మీద. బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో బీ ఫ్లైలు ఉన్న వర్గం మీద ఆయన సంపుటం 1920లో వచ్చింది.

పుల్ల మీదున్నదానికి ఇంత శ్రమ అక్కర్లేదు. రెండు కళ్ళ నడుమ నడినెత్తి గుంటపడి ఉంది చూడండి. అసిలిడే కుటుంబమని చెప్పడానికి ఆ గుంట, ఆ మీసం చాలు.