వెల లేని కుక్క

మూడేండ్ల క్రిందట నేనొక శరణాలయమునుండి కుక్క నొకదానిని తెచ్చుకొంటిని. మా వీథిలోని పెద్దమనిషి యొకరు దానిని చూచి, "ఎంత పెట్టి కొంటిరి?" అని యడిగిరి. ఊరకే యిచ్చిరంటిని. "ఊరకే వచ్చినదాని కేమి విలువ?" అని వారు నవ్విరి. ఆనాడు నాకు జవాబు తోచలేదు. తరువాత కొంత చరిత్ర చదివితిని. అందు దొరకిన జవాబునే యీ పూట మీకు మనవి చేసెదను.

లండను నగరమున 1860వ సంవత్సరమున మేరీ టీల్బీ యను నామె, దారితప్పి యాకలితో నలమటించు కుక్కలకై హాలోవే అను పేటలో నొక యాశ్రయమును నెలకొల్పెను. మనుష్యులకే కూడులేని నగరమున కుక్కలకు సత్రమా యని పత్రికలు పరిహసించెను. కాని 1862లో చార్లెస్ డికెన్స్ నడుపుచుండిన పత్రిక యందు వేఱొక విధమగు వ్యాసము వెలువడెను. ఇజ్లింగ్టనులో మేలుజాతి కుక్కల ప్రదర్శనము జరిగినది. అచ్చటికి చేరువనే హాలోవేలో వెలలేని కుక్కలు కలవు. వ్యాసకర్త ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూపెను. వెల వేఱు, విలువ వేఱు అని చదువరులకు తెలిసివచ్చెను.

టీల్బీ 1865లో మరణించెను. 1867లో వీథికుక్కలను పట్టుకొనుటకు రక్షకభటుల కధికారమిచ్చు శాసనము వచ్చెను. పట్టుబడిన కుక్కలు గుంపులుగా ఆశ్రయమునకు చేరసాగెను. గడువులోపల యజమానుడు రానిచో, కొనిపోవువారు లేనిచో, వానికి మరణమే గతియయ్యెను. కావున ఆ వాకిటినుండి కుక్కను ఇంటికి తీసికొనిపోయినవాడు దానికి ప్రాణమునే యిచ్చినవాడు. ఆశ్రయము 1871లో బాటర్సీకి మారెను. నేటికిని అచ్చటనే యున్నది.

1885లో విక్టోరియా రాణి ఆ సంస్థకు పోషకురాలయ్యెను. ఆ యేడే పారిసులో లూయీ పాశ్చరు, పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలునకు టీకా వేసి బ్రదికించెను. దయయు, వైద్యమును ఒకే యేట ముందడుగు వేసినవి. ఈ రెండింటిలో ఏ యొక్కటి కొఱవడినను కుక్కకును మనకును క్షేమము లేదు.

మన దేశమున 2001లో వచ్చిన నిబంధనలు, వీథికుక్కలకు సంతాననిరోధ చికిత్సయు టీకాయు చేయింపవలెనని విధించినవి. అంతకుముందే, 1992లో, అక్కినేని అమలగారు హైదరాబాదున బ్లూక్రాస్ సంస్థను స్థాపించిరి. ఇక మన పల్లెలలో భోజనానంతరము మిగిలిన ముద్దను వాకిట కుక్కకు వేయుట పరిపాటి. అది దయయే. కాని ముద్ద వేసినవారిలో ఎందఱు దానికి సూది వేయించుచున్నారు? ముద్ద అందఱిదియు, బాధ్యత యెవ్వరిదియు కాకున్నది. ఆ కుక్క బిడ్డను కఱచిన నాడు తెలియును, ఊరకే పెరిగిన కుక్క ఊరికెంత ఖరీదో. కఱచిన వెంటనే గాయమును పావుగంటసేపు సబ్బుతో, ధారగా పోయు నీటితో కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. రోగలక్షణములు పొడసూపిన పిదప బ్రదుకుట మిక్కిలి యరుదు.

నా కుక్క మాట చెప్పి ముగించెదను. శరణాలయమువారు నాయొద్ద రొక్కము పుచ్చుకొనలేదు, చేవ్రాలు పుచ్చుకొనిరి. ఇంటికి వచ్చిన తరువాత మూడు దినములు అది అన్నము ముట్టలేదు. నేను చేతికఱ్ఱ యెత్తినంతనే మంచము క్రింద దూరెడిది. పశువైద్యునికి, టీకాలకు, తిండికి అయిన వ్యయము కొన్న కుక్కకైనంతయు అయినది. నాలుగవ నెలలో ఒకనాడు అదే కఱ్ఱను నోట కఱచుకొని వచ్చి నా పాదములకడ పెట్టినది.

పిల్లలు ముచ్చటపడిరని కుక్కపిల్లను తెచ్చుటకు ముందు, పది పండ్రెండేండ్లు దాని కూడు, దాని సూది ఎవరివో ఇంటిల్లిపాదియు కూర్చుండి నిర్ణయింపుడు. ఆ భారము మోయగలిగినచో శరణాలయమునకే పొండు. ఆ పెద్దమనిషికి నేడు నే నిచ్చు జవాబు ఇదియే: అయ్యా, దానికి వెల లేదు. విలువ మనము ప్రతిదినమును చెల్లించునదియే.